30 ఆంపియర్ల కాపురం: ఎడారిలో మోటార్‌హోమ్ ప్రయాణం

జూన్‌లో లాస్ వేగస్ నుంచి జయాన్ జాతీయ పార్కు మీదుగా గ్రాండ్ కాన్యన్ దాకా మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, వెళ్లాలనుకునేవారు బస ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసింది కరెంటు. దృశ్యాలు ఎలాగూ బాగుంటాయి.

మన ఇళ్లలో 230 వోల్టులు, అమెరికాలో 120. అందుకే అక్కడ అదే ఏసీ దాదాపు రెట్టింపు ఆంపియర్లు లాగుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే బండ్లు నిలిపి బస చేసే చోట, బండికి కరెంటు ఇచ్చే 30 ఆంపియర్ల ప్లగ్గు అంటే మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపియర్ల ప్లగ్గులో రెండు లైన్లు ఉంటాయి, ఒక్కోదానికి 50. అంటే 12,000 వాట్లు. అంకెల్లో తేడా 20 మాత్రమే, శక్తిలో మూడు రెట్లకు పైనే.

మేము అద్దెకు తీసుకున్న బండి పైకప్పు మీద రెండు ఏసీలు ఉన్నాయి. ఎండ బాగా ఉన్నప్పుడు ఒక్కోటి 13 నుంచి 15 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 30 ఆంపియర్ల చోట రెండూ కలిసి నడవవు. ఒకటి నడుస్తున్నా మైక్రోవేవ్, నీళ్ల హీటరు ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. హీటరు ఒక్కటే 12 ఆంపియర్లు. దాన్నీ ఫ్రిజ్‌నూ గ్యాస్‌కు మార్చాక సగం చిక్కు తీరింది. మైక్రోవేవ్ వాడేటప్పుడు ఏసీని ఫ్యాన్ మీద పెట్టేవాళ్లం.

దారిలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో 50 ఆంపియర్ల ప్లగ్గే ఇచ్చారు. అయినా మధ్యాహ్నం బయట 108 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న వేళ అందరి ఏసీలూ ఒకేసారి నడిచేసరికి వోల్టేజీ 103కు జారిపోయింది. నాన్నగారు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మీటరు చూడగానే, "అమ్మా, ముందు ఏసీలు ఆపెయ్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. వేసవిలో లో వోల్టేజీకి మన ఊళ్లలో బోరు మోటార్లు కాలిపోతాయి కదా, ఏసీ కంప్రెసర్‌కూ అదే గతి. 105 వోల్టుల కంటే తగ్గితే నడపకూడదు. ఆఫీసులో చెబితే మర్యాదగానే వేరే స్థలానికి మార్చారు, అక్కడ 112 చూపించింది. చెట్టు నీడ మాత్రం రెండు చోట్లా లేదు. వాళ్లు తీసుకున్న ధరకు నేను అక్కడికి మళ్లీ వెళ్లను.

జయాన్ జాతీయ పార్కులోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ మా అందరికీ నచ్చింది. అక్కడ జనరేటర్లు వేయనివ్వరు, కాబట్టి కరెంటు ఉన్న స్థలమే బుక్ చేసుకోవాలి. ఆరు నెలల ముందే ప్రయత్నిస్తే మేలు. వర్జిన్ నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల నీడ దొరికితే ఒక్క ఏసీ చాలు. ఉదయం ఎండ ముదరక ముందే వేసి, పైకప్పు కిటికీలకు లోపలినుంచి మందపాటి కవర్లు బిగించి, ముందు అద్దానికి తెర దించాం. బండి ఒకసారి వేడెక్కాక చల్లబరచడం చాలా కష్టం. పార్కులో తిప్పే షటిల్ బస్సు ఆగే చోటు నడక దూరంలోనే ఉంటుంది.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ట్రైలర్ విలేజ్‌లో 30, 50 రెండు ప్లగ్గులూ ఉన్నాయి, నీళ్లు, మురుగు పైపు కూడా. పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపే చోట ఇవేవీ లేవు. కానీ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ చోట చీకటి పడ్డాక మేము ఏసీ వేయనే లేదు, దుప్పట్లు కప్పుకున్నాం. జూన్‌లో వెళ్లేవారు వీలైనన్ని రాత్రులు ఎత్తైన చోట గడిపితే, మాథర్‌లో స్థలం దొరికినా నిశ్చింతగా తీసుకోవచ్చు.

బండి అద్దెకిచ్చేవారిని మాత్రం మూడు విషయాలు అడిగి రాయించుకోండి: 50 నుంచి 30కి మార్చే అడాప్టర్, వోల్టేజీ తగ్గితే తనంతట తానే కరెంటు ఆపేసే పరికరం, ఏసీలకు సాఫ్ట్ స్టార్టర్. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటును ఈ మూడోది బాగా తగ్గిస్తుంది. మా బండికి అది లేదు. ప్లగ్గు పెట్టే ముందూ తీసే ముందూ కరెంటు ఇచ్చే స్తంభం మీది బ్రేకర్ ఆపడం, గంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూడడం నాన్నగారు ప్రతి మజిలీలోనూ చేశారు, మీరూ చేయండి.