సుంకి ఘాట్‌లో నా బలెనో ఆర్‌ఎస్

ఆంధ్రలో సాలూరు దాటాక ఒడిశాలోకి ఎక్కే సుంకి ఘాట్ మొదలవుతుంది. ముందు లోడు లారీ, దాని ముందు ఇంకో లోడు లారీ, రెండూ ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎక్కుతుంటాయి. మలుపు తిరగ్గానే కాస్త ఖాళీ రోడ్డు కనిపిస్తుంది. అక్కడ దాటితే దాటినట్టు, లేదంటే పొట్టంగి దాకా ఆ పొగ పీలుస్తూ పోవాల్సిందే. నేను మందుల కంపెనీలో ఎంఆర్‌ని, అంటే డాక్టర్ల చుట్టూ తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఉండేది ఒడిశాలోని జయపూర్, అత్తవారిది సాలూరు, మీటింగులు విశాఖలో. నెలకు మూడుసార్లయినా ఈ దారిన పోయి వస్తాను. ఈ బండి గురించి నాకు తెలిసిందంతా ఈ ఘాట్ నేర్పిందే.

బండి 2018 మోడల్ మారుతి బలెనో ఆర్‌ఎస్. ఇలాంటిది ఒకటి ఉందనే చాలామందికి తెలియదు. 2017 మార్చిలో మారుతి వాళ్ల నెక్సా షోరూముల్లోకి వచ్చింది. బీఎస్6 కాలుష్య నిబంధనల వేళకి, 2020 మొదట్లో, ఆగిపోయింది. మూడేళ్లు కూడా నిండలేదు. 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, శక్తి 102 పీఎస్ (హార్స్‌పవర్). ఐదు గేర్ల మాన్యువల్ ఒక్కటే, ఆటోమేటిక్ లేదు, వేరియంటూ ఒక్కటే.

102 అనేది పెద్ద అంకె కాదు. అసలు సంగతి టార్క్‌లో, అంటే ఎన్ఎంలలో కొలిచే ఇంజిను తిప్పే బలంలో ఉంది. మామూలు 1.2 పెట్రోల్ బలెనోకి 115 ఎన్ఎం, అదీ ఇంజిను నిమిషానికి 4000 చుట్ల (ఆర్‌పీఎం) దాకా వెళితేనే. దీనికి 150 ఎన్ఎం, 1700 నుంచే అందుతుంది. ఘాట్‌లో దీని అర్థం ఏమిటంటే, లారీ వెనక ముప్పై స్పీడులో సెకండ్ గేరులో ఉన్నప్పుడు రోడ్డు ఖాళీ కనిపించి కాలు నొక్కితే, ఇంజిను గోల పెట్టేదాకా ఆగక్కర్లేదు. సీటు వీపుని ముందుకు నెడుతుంది. లారీ డ్రైవరు చెయ్యి ఊపి దారి ఇచ్చేలోగా మనం అతని క్యాబిన్ పక్కన ఉంటాం. ఏసీ వేసి, నలుగురు కూర్చుని, డిక్కీ నిండా శాంపిల్ డబ్బాలున్నా అంతే. నా పాత బండిలో ఇదే చోట ఏసీ ఆపి, దేవుడికి దణ్ణం పెట్టుకుని దాటేవాడిని.

అయితే 1700 లోపు పడనిస్తే మాత్రం నీరసపడిపోతుంది. బాగా వంగిన మలుపులో బద్ధకించి థర్డ్‌లోనే ఉంచితే ఊపిరి అందనట్టు ఒక క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. మొదటి వారం మా ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకునే కూర్చుంది. సెకండ్ వెయ్యడం అలవాటు చేసుకున్నాక ఆ ఇబ్బంది పోయింది.

కొన్న కొత్తలో సాలూరు తీసుకెళ్తే మావయ్యగారు చుట్టూ తిరిగి చూశారు. ఆయన ముప్పై ఏళ్లు లారీలు నడిపించిన మనిషి. "బలెనోయే కదా బాబూ, ఇంకాస్త వేసుకుని పెద్ద బండి తీసుకోవాల్సింది" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. బయటి నుంచి చూస్తే గ్రిల్ మీద, డిక్కీ డోరు మీద చిన్న ఆర్‌ఎస్ బ్యాడ్జీ, కాస్త వేరే బంపర్లు, నల్ల అలాయ్‌లు. అంతే తేడా. కొత్తలో దీని ధర ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 8.69 లక్షలు. అదే డబ్బుకి విటారా బ్రెజా డీజిల్ వచ్చేది. ఎత్తుగా, ఇంటి ముందు పెడితే నిండుగా ఉండేది. ఖర్చు పెట్టిన డబ్బు నలుగురికీ కనిపించాలనే లెక్కలో ఈ బండి ఓడిపోయింది. 2019 సెప్టెంబరులో కంపెనీ ఒకేసారి లక్ష తగ్గించింది, అప్పటికే ఆలస్యమైంది. ఇది బండి తప్పు కాదని నా గట్టి నమ్మకం. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల టర్బో బండి పోలో జీటీ టీఎస్ఐ కూడా బయటికి మామూలు పోలోలాగే ఉండేది, కానీ దానికి నడిపేవాళ్లలో పేరు వచ్చింది, పాతవాటికీ గిరాకీ నిలబడింది. ఆర్‌ఎస్‌కి ఆ పేరు రాలేదు.

పేరు రాకపోవడమే ఇప్పుడు కొనేవాళ్లకి కలిసొచ్చింది. 2023లో విశాఖలో 41 వేల కిలోమీటర్లు తిరిగిన బండిని 5.35 లక్షలకి తీసుకున్నాను. అమ్మినాయన మామూలు బలెనోలో పై వేరియంటు ఆల్ఫా రేటే చెప్పాడు. దొరకడమే కష్టం. నాలుగు నెలలు వెతికాను. మా కోరాపుట్ జిల్లాలో ఒక్కటీ తగల్లేదు, విశాఖలో చూసిన మూడింటిలో ఒకటి మామూలు బండికి ఆర్‌ఎస్ బ్యాడ్జీ అతికించింది. కాబట్టి బ్యాడ్జీ నమ్మకండి. ఆర్‌సీలో సీసీ చూడండి: 998 ఉంటే ఆర్‌ఎస్, 1197 ఉంటే మామూలు 1.2. వెనక చక్రాల్లోకి తొంగి చూడండి, ఆర్‌ఎస్‌కి వెనక కూడా డిస్క్ బ్రేకులే. వెయ్యి సీసీ లోపు కావడం వల్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా తక్కువ: 2022లో పెట్టిన రేట్లలో ఏడాదికి 2,094 రూపాయలే, 1.2కి అయితే 3,416.

నాలా సరిహద్దు ఇవతల, ఒడిశాలో ఉండేవాళ్లు ఇంకో ఖర్చు కలుపుకోవాలి. ఏపీ నంబరు బండిని ఇక్కడ ఏడాదికి మించి అలాగే ఉంచకూడదు. ఆంధ్ర ఆర్‌టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఒడిశా రోడ్ ట్యాక్స్ కట్టి, మా కోరాపుట్ జిల్లా ఓడీ 10 నంబరు వేయించాలి. బేరం ఆడేటప్పుడే ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. మైలేజీ కంపెనీ లెక్కలో లీటరుకి 21.1 కిలోమీటర్లు. నాకు సాలూరు కింద మైదానంలో 18, ఘాట్‌లో 12, 13 మధ్య వస్తోంది. ట్యాంకు 37 లీటర్లు. పెట్రోలు ఒడిశాలో తక్కువ కాబట్టి జయపూర్‌లో నింపితే విశాఖ వెళ్లి వచ్చేదాకా ఆంధ్రలో కొట్టించక్కర్లేదు.

ఇలాంటి చిన్న టర్బో బండ్లే తర్వాత 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. రెండూ 120 పీఎస్. కానీ అవి చారలు, ఎర్ర గీతలతో తామెవరో చెప్పుకుంటూ తిరిగే బండ్లు. డాక్టరు గారి క్లినిక్ ముందు అలాంటి బండి ఆపడం నా ఉద్యోగానికి నప్పదు. ఆర్‌ఎస్‌లోని ఆ చిన్న టర్బో తరహా ఇంజిను 2023లో మారుతి ఫ్రాంక్స్‌లో తిరిగొచ్చింది. దాన్ని ఇదే ఘాట్‌లో ఒకసారి నడిపాను. బాగుంది, కానీ ఎత్తు వల్ల మలుపుల్లో నా బండి అంత కుదురుగా అనిపించలేదు.

బాధపెట్టిన సంగతి ఒక్కటే. నిరుడు వెనక బ్రేకు ప్యాడ్లు అరిగాయి. దగ్గర్లోని ఒక వర్క్‌షాప్‌లో ఇస్తే, బలెనో అని రాసుకుని ఆర్డరు పెట్టారు. నాలుగు రోజుల తర్వాత డ్రమ్ బ్రేకు షూలు వచ్చాయి. దీనికి డ్రమ్ములే లేవని చక్రం విప్పి చూపిస్తే గానీ నమ్మలేదు. మళ్లీ ఆర్డరు, మళ్లీ అయిదు రోజులు. ఆ తొమ్మిది రోజులూ నబరంగ్‌పూర్ డాక్టర్ల దగ్గరికి బస్సులో తిరిగాను. అప్పటి నుంచి ఏ సామాను కావాలన్నా బండి పేరు చెప్పను, ఛాసిస్ నంబరు చేతికిస్తాను. వెనక ప్యాడ్ల సెట్టు ఒకటి కొని డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకున్నాను.