కార్డు పోతే ఫోన్ సర్వీసు పర్లేదు, బ్రాంచి కౌంటరే దండగ

నెల్లూరు రొట్టెల పండక్కి ఆరోగ్య రొట్టె కోసమని వెళ్లిన అమ్మ పర్సు స్వర్ణాల చెరువు దగ్గర జనంలో ఎవడో కొట్టేశాడు. అందులో డెబిట్ కార్డుంది. దర్గా గేటు దాటేలోపే ఫోన్‌కి రెండు మెసేజీలు, చెప్పుల షాపులో 4,850, పెట్రోల్ బంకులో 2,000. రెండూ ట్యాప్ చేసి, అంటే మెషీన్‌కి కార్డు తాకించి లాగినవే, 5,000 దాకా పిన్ అక్కర్లేదుగా మరి.

బ్యాంకు పేరు రాయను, సర్వీసు గురించే చెప్తాను. టోల్‌ఫ్రీ నంబరుకి చేస్తే ముందు పర్సనల్ లోన్ కావాలా అని పాట పాడింది (దొంగ కార్డు గీకుతుంటే లోన్ ఏంటి నాయనా!), ఆ తర్వాత మాత్రం చకచకా పని అయిపోయింది. కార్డు బ్లాక్ చేసి, ఆ రెండు లావాదేవీలు మావి కావని రాసుకుని, కంప్లైంట్ నంబరు టైముతో సహా మెసేజ్ పంపారు. అంతవరకు నాలుగు స్టార్లు.

అసలు టెన్షన్ మర్నాడు ట్రంక్ రోడ్డు బ్రాంచిలో మొదలైంది. కౌంటర్లో ఉన్నాయన స్క్రీన్ మీంచి తల కూడా ఎత్తకుండా "అమ్మగారు పిన్ ఎవరికో చెప్పుంటార్లేండి, మీ నిర్లక్ష్యానికి బ్యాంకు ఏం చేస్తుంది" అన్నాడు. పిన్నే కొట్టని లావాదేవీకి పిన్ చెప్పడమేంది సార్ అంటే, పోలీసు కంప్లైంట్ తెచ్చుకోండి, తర్వాత చూద్దాం అని టోకెన్ నంబరు మార్చేశాడు.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్ చూపిస్తేగానీ ఆయన స్వరం దిగలేదు. తప్పు బ్యాంకుదీ మనదీ కాక బయటివాడిదైతే, మెసేజ్ వచ్చిన రోజు వదిలేసి మూడు పనిదినాల్లో చెప్తే మన మీద పైసా పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000, బేసిక్ ఖాతాకి (కనీస నిల్వ అక్కర్లేనిది) 5,000 వరకే మన భారం. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఏం చెప్తే అదే. పిన్నో ఓటీపీనో మనమే ఇచ్చేసినా సరే, కంప్లైంట్ ఇచ్చేదాకా పోయింది మన నెత్తిన, ఇచ్చాక పోయేదంతా బ్యాంకుదే. పైగా తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే, అమ్మ కాదు. ఇదంతా కౌంటర్లో కూర్చున్నాయనకి మనం పాఠం చెప్పాల్సి రావడమే నా బాధ, ఒంటరిగా వెళ్లే పెద్దావిడైతే ఆ ఒక్క మాటకే దండం పెట్టి ఇంటికొచ్చేస్తుంది.

మేనేజర్ గారికి మెయిల్ పెట్టాక కదిలింది. చెప్పిన పది పనిదినాల్లోపే 6,850 ఖాతాలో తాత్కాలికంగా వేశారు, 90 రోజుల్లోపు తేల్చాలి. తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉండనే ఉన్నాడు, అక్కడికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి కాబట్టి కౌంటర్లో నోటిమాటతో సరిపెట్టుకోకండి, మెయిల్ పెట్టండి.

కొత్త కార్డు వచ్చింది, రాగానే యాప్‌లో ట్యాప్ ఆపేశాను. బ్రాంచికి ఒక్క స్టారు, అదీ మేనేజర్ గారి కోసం. కొత్త కార్డుకి ఛార్జీ కోశారు చూడండి, దాని మీద ఇంకో మెయిల్ పెట్టాను, ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు.