కారా, రైలా? బాత్రూమ్ సంగతి చూసి చెబుతా

హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దగ్గర మా ఊరికి 700 కిలోమీటర్ల పైమాటే. ఆరేళ్లుగా ఏడాదికి రెండుసార్లు వెళ్తున్నాం, కొన్నిసార్లు కారులో, కొన్నిసార్లు రైల్లో. పెట్రోలు, టోలు, టికెట్ల లెక్కలు ఎవరికి వాళ్లు వేసుకునేవే, వాటి జోలికి పోను. నా గొడవంతా బాత్రూమ్ గురించే.

కారు కొన్న కొత్తలో “ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు” అని చుట్టాలందరికీ గొప్పలు చెప్పాను. అబద్ధమేం కాదు. టీకి ఆపుకోవచ్చు, రావులపాలెంలో అరటి గెల డిక్కీలో వేసుకోవచ్చు. కానీ ఆ మాట మగవాడి మాట అని నాకు తర్వాత తెలిసింది.

రెండేళ్ల కిందట సంక్రాంతికి తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరాం. విజయవాడ రోడ్డెక్కిన కాసేపటికే ఒక టోల్‌గేటు దగ్గర ఇరుక్కుపోయాం. ఫాస్టాగ్ ఉన్నా ముందున్న బండి కదిలితే కదా! సూర్యాపేట దాటేసరికి ఎండెక్కింది. అమ్మ మాట్లాడటం మానేసింది. అలిసిపోయిందనుకున్నాను. ఆవిడ నీళ్ల సీసా మూత కూడా తియ్యలేదని మా ఆవిడే గమనించింది. అడిగితే, “తాగితే దిగాలి కదరా, ఈ రోడ్డు మీద ఎక్కడ దిగుతాను?” అంది. ఆవిడకి 68 ఏళ్లు, పైగా షుగరు. మొదటి బంకులో బాత్రూమ్‌కి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. రెండో బంకులో నీళ్లు లేవు. చివరికి రోడ్డు పక్క ఊళ్లో ఎవరింటి తలుపో తట్టాం. ఆ ఇల్లాలు లోపలికి పిలిచి, పైగా మజ్జిగ కూడా ఇచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. భోగి నాడు ఊరంతా మంట వేసుకుంటే అమ్మకి ఒంట్లోనే మంట. పండగ పూట డాక్టరు కోసం తిరిగాం.

అప్పటి నుంచి అమ్మ ఉంటే రైలే. లోయర్ బెర్తు, పది అడుగుల్లో బాత్రూమ్, ధైర్యంగా నీళ్లు తాగుతుంది. అదేం స్వర్గం అనను. తెల్లారేసరికి అక్కడ కాలు పెట్టలేం, మోకాళ్ల నొప్పితో కుదుపుల్లో కడ్డీ పట్టుకుని కూర్చోవాలి. ఒకసారి ఆర్.ఏ.సి. వచ్చి, ఎవరో ఆవిడతో ఒకే సైడు బెర్తు పంచుకుని రాత్రంతా కూర్చునే వచ్చింది. పైగా 2024 నవంబరు నుంచి బుకింగ్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అంటే సంక్రాంతి టికెట్ల కోసం నవంబరు మధ్యలో పొద్దున్న 8 గంటలకల్లా ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆమదాలవలసలో దిగాక ఆటో బేరం ఎలాగూ తప్పదు.

ఇంట్లో అందరూ కుర్రాళ్లే అయితే నా మాట పట్టించుకోకండి, కారే హాయి. మా పిల్లలకీ కారే ఇష్టం. ఈసారి మావి మూడు టికెట్లు కన్ఫర్మ్, రెండు వెయిటింగ్ లిస్టు. అవి తేలకపోతే అమ్మ, మా ఆవిడ, చిన్నది రైల్లో. నేనూ బాబూ కారులో.