మా ఊరి బీర్, సైడర్ ఫెస్టివల్: పీపాల దగ్గర పదికి పది, గుమ్మం దగ్గర ఐదు

ఇంగ్లండ్‌లో తూర్పు వైపు, సఫోక్‌లో మేముండే చిన్న ఊళ్లో వేసవి మొదట్లో ఏటా బీర్, సైడర్ ఫెస్టివల్ జరుగుతుంది. సైడరంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసేది. గురువారం సాయంత్రం మొదలై శనివారం రాత్రికి అయిపోతుంది. ఇక్కడున్న మనవాళ్లు చాలామంది ఇలాంటివి తమకు కాదనుకుని పక్కనుంచి వెళ్లిపోతుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బీర్ ఎలా ఉందంటే, ఇంత శ్రద్ధగా చూసుకున్న బీర్ ఏ పబ్బులోనూ నాకు దొరకలేదు. వచ్చిన మనుషుల్ని ఎలా చూసుకున్నారంటే మాత్రం ఆ శ్రద్ధలో సగం కూడా కనిపించలేదు.

దీన్ని నడిపేవాళ్లలో జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. రిటైరైన టీచర్లు, ఒక ప్లంబరు, లైబ్రరీలో పనిచేసే ఆవిడ, సెలవులకు ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు, అందరూ వాలంటీర్లే. ఈ దేశంలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. పీపాలోనే పక్వానికొచ్చే పాతకాలపు బీరును కాపాడుకోవాలని 1971లో నలుగురు స్నేహితులు కామ్రా అనే సంస్థ పెట్టారు. కేంబ్రిడ్జ్‌లో 1974లో మొదలైన ఫెస్టివల్, ఇప్పుడు మే నెలలో జీసస్ గ్రీన్ మైదానంలో టెంట్లు వేసి చేసేది, అదీ వాలంటీర్ల చేతుల మీదుగానే నడుస్తుంది. మాది దాని ముందు చాలా చిన్నది. ఊరి కమ్యూనిటీ హాలులో సరిపోతుంది.

ఈ ఏడు నేను కూడా వాలంటీరుగా పేరిచ్చాను. హాలు తెరవడానికి ముందే, పీపాలు దింపే రోజు సాయంత్రం ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక వెళ్లాను. అక్కడ చూసిన పని వల్లే నాకు ఈ ఫెస్టివల్ మీద ఇంత గౌరవం.

కాస్క్ బీర్, అంటే ఈ పీపా బీర్, బ్రూవరీలో పూర్తయి రాదు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, బీర్ ఇంకా పులుస్తూనే ఉంటుంది. మామూలు పీపాను ఫిర్‌కిన్ అంటారు. 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడుతుంది (పైంటంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ). నిండుగా ఉంటే ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. వాటిని స్టిలేజ్ మీద, అంటే గట్టి స్టాండ్ల మీద, అడ్డంగా పడుకోబెట్టి కదలకుండా చెక్క ముక్కలు దోపుతారు. ఆ తర్వాత ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. కదిపితే అడుగున చేరిన మడ్డి పైకి లేస్తుంది, ఇక ఆ బీర్ తేరుకోవడానికి మళ్లీ గంటలు పడుతుంది.

సెల్లార్, అంటే పీపాల బాగోగులు, చూసేది ఒక పెద్దాయన. మితభాషి. ఆయన పక్కన నిలబడి ఒక పీపా తెరవడం మొదటినుంచీ చివరిదాకా చూశాను. పీపా పైభాగంలో ఉన్న మూత మధ్యలో స్పైల్ అనే చిన్న చెక్క మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. బుస్సుమంటూ నురగ పైకి లేచి పీపా పక్కల నుంచి కారింది. తుడిచారు. మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచారు. గాలి పీల్చుకునే మెత్తటి చెక్క మేకు అక్కడ ఉంచి వేరే పీపా దగ్గరికి వెళ్లారు. అలా వరసంతా తిరిగొచ్చి, ఆ మేకు తలమీద బుడగ ఎంత సేపటికొకటి వస్తోందో వంగి చూసేవారు. బుడగలు రావడం బాగా తగ్గాకే గట్టి చెక్క మేకు బిగించారు. తొందరపడి ముందే బిగిస్తే గ్యాస్ ఎక్కువై బీరంతా నురగే వస్తుంది. ఆలస్యమైతే బీర్ చప్పబడిపోతుంది. దీనికి మీటర్లేమీ లేవు, చూపే. ట్యాప్ కొట్టేటప్పుడైతే పీపా ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెక్క సుత్తితో ఒకే ఒక్క దెబ్బ. ఒక్క చుక్క బయట పడలేదు.

పీపాల మీద చల్లటి నీళ్లు తిరిగే జాకెట్లు కప్పి, 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. మన దగ్గర బీరంటే గ్లాసు బయట చెమట పట్టాల్సిందే కాబట్టి ఇది కొత్తగా అనిపిస్తుంది. మా నాన్నగారు పాలకొల్లు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, శుక్రవారం సాయంత్రం తీసుకెళ్లాను. బిట్టర్ అనే ఇక్కడి చేదు బీర్ ఒకటి చేతికిస్తే, గుటక వేసి, "ఏంటమ్మా, ఫ్రిజ్‌లో పెట్టలేదా?" అన్నారు. బాగా చల్లగా ఉంటే రుచి నాలుకకు తెలియదు నాన్నా, నెమ్మదిగా తాగండి అన్నాను. ఇంకో రెండు గుటకలయ్యాక ఆయనే అన్నారు: "ఇది కల్లు లాంటిదన్నమాట. చెట్టు దిగిన పూట ఒక రుచి, ఎండెక్కాక ఇంకో రుచి." అచ్చంగా అంతే. పీపా తెరిచాక లోపలికి గాలి చేరుతుంది, రెండు మూడు రోజులకు మించి బీర్ నిలవదు. అందుకే ఈ ఫెస్టివల్ మూడు రోజులే.

గ్లాసు గురించి ఒక్క మాట. ఇక్కడ పీపా నుంచి పోసే డ్రాఫ్ట్ బీర్, సైడర్ పైంటు, మూడింట రెండు వంతులు, అర, మూడోవంతు కొలతల్లోనే అమ్మాలని చట్టం. ఫెస్టివల్ గ్లాసు మీద గీతలుంటాయి, బీర్ గీత దాకా రావాలి, నురగ దాని పైన. గీతకు తక్కువైతే నిస్సంకోచంగా అడగండి, నవ్వుతూ పోస్తారు. మూడోవంతు తీసుకోవడమే తెలివైన పని. తేలికపాటి మైల్డ్ అనే బీరుతో మొదలుపెట్టి, బిట్టర్ మీదుగా నల్లటి పోర్టర్, స్టౌట్ బీర్ల దాకా వెళ్లండి. ముందే ఘాటైనది తాగితే తర్వాత మైల్డ్ నీళ్లలా ఉంటుంది.

సైడర్ బల్ల హాలు చివర, కిటికీ కింద ఉంటుంది. ఈ ఫెస్టివల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. సూపర్ మార్కెట్లో దొరికే తియ్యటి గ్యాస్ సైడర్ తాగి, సైడరంటే ఇంతేననుకున్నవాళ్లు ఇక్కడికి తప్పకుండా రావాలి. మా తూర్పు వైపు సైడర్ తినే ఆపిళ్లు, వంటకు వాడే బ్రామ్లీ ఆపిళ్లతో చేస్తారు. పులుపుగా, తేలిగ్గా, వైన్‌కు దగ్గరగా ఉంటుంది. పడమటి సోమర్సెట్, హెర్ఫర్డ్‌షైర్ సైడర్లు వేరు. వాటికి డాబినెట్, కింగ్‌స్టన్ బ్లాక్ లాంటి, సైడర్ కోసమే పెంచే ఆపిళ్లు వాడతారు. వగరు బాగా ఉంటుంది, అది గొంతు దిగాక కూడా నాలుక మీద నిలుస్తుంది. ఉసిరికాయ, నేరేడు తిని పెరిగిన మనకు ఆ వగరు వెంటనే నచ్చుతుంది. బేరి పళ్లతో చేసే పెర్రీ కూడా రెండు రకాలు పెట్టారు. సైడర్ బల్ల దగ్గరున్న ఆవిడ ఏది పులుపు, ఏది వగరు అని ఓపిగ్గా చెప్పి, కొంచెం రుచి చూపించి మరీ పోశారు. ఒక జాగ్రత్త: జ్యూస్‌లా దిగిపోతుంది కదా అని పైంట్లు పైంట్లు తాగొద్దు. చాలా సైడర్లు 6 శాతం పైనే, బిట్టర్ కంటే ఎక్కువ.

ఇక గుమ్మం సంగతి. మా హాలుకు టెంపరరీ ఈవెంట్ నోటీస్ మీద అనుమతి తీసుకుంటారు. ఆ నోటీస్ ప్రకారం ఒకేసారి లోపల 499 మందికి మించి ఉండకూడదు, అందులో వాలంటీర్లు కూడా లెక్కే. న్యాయమైన నిబంధనే. కానీ శుక్రవారం ఏడింటికి లోపల నిండిపోయాక, బయట క్యూలో ఉన్నవాళ్లకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఎందుకు ఆపారో, ఎంతసేపు పడుతుందో తెలియక నాన్న వయసు వాళ్లు అలాగే నిలబడ్డారు. ఒక్క కుర్చీ లేదు. కొందరు విసిగి వెళ్లిపోయారు. ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి తలుపుకు అంటిస్తే సరిపోయేది.

శాకాహారుల సంగతీ అంతే. బీర్ తేరుకోవడానికి చాలా బ్రూవరీలు ఐజింగ్లాస్ కలుపుతాయి, అది చేపల లోపలి గాలితిత్తి నుంచి తీసేది. నా స్నేహితురాలు చేప ముట్టదు. ఏ పీపాలో అది లేదని బార్ దగ్గర అడిగితే పోసే కుర్రాడు తెల్లమొహం వేశాడు. సెల్లార్ పెద్దాయన్ని అడిగితే ఆలోచించకుండా నాలుగు పీపాలు చూపించారు. అంత తెలిసిన మనిషి వెనక ఉన్నప్పుడు, ఆ సంగతి పీపా ముందు కార్డు మీద ఎందుకు లేదు? తినడానికి కూడా పోర్క్ పై, మాంసం చుట్టిన గుడ్డు (స్కాచ్ ఎగ్), చీజ్ రోల్ తప్ప ఏమీ లేవు. తాగే చోట కడుపులోకి వేడిగా ఏదైనా పడాలి. మంచినీళ్లు ఉచితంగానే ఇచ్చారు, కానీ జగ్గులు కోట్లు తగిలించే గది పక్కన పెట్టారు. అవి బార్ మీదే ఉండాలి.

ఇవన్నీ వాలంటీర్ల మీటింగులో చెప్పాను. శ్రద్ధగా విన్నారు, రాసుకున్నారు. వాళ్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. పీపాలన్నీ డబ్బు పెట్టి కొన్నవే, మిగిలిన బీరును బ్రూవరీ వెనక్కి తీసుకోదు. ఊళ్లో కొట్లవాళ్లు ఒక్కో పీపాకు స్పాన్సర్‌గా ఉండబట్టే ఖర్చు గట్టెక్కుతోంది. తెచ్చే బీర్ కూడా లెక్క చూసుకుని తెస్తారు కాబట్టి శనివారం రాత్రికి సగం పీపాల మీద "అయిపోయింది" అన్న బోర్డు ఉంటుంది. దానికి వాళ్లను తప్పుపట్టలేం.

వెళ్లేవాళ్లకు: మంచి బీర్ కావాలంటే గురువారం సాయంత్రం లేదా శుక్రవారం మధ్యాహ్నం వెళ్లండి, అప్పటికి బీర్ బాగా తేరుకుని ఉంటుంది, క్యూ ఉండదు. గ్లాసుకు డిపాజిట్ కడతారు, వెనక్కిస్తే డబ్బు ఇచ్చేస్తారు. కారు తీసుకెళ్లొద్దు, స్టేషన్ పది నిమిషాల నడక. వయసు 25 లోపు కనిపిస్తే ఐడీ అడుగుతారు, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో పెట్టుకోండి. వచ్చే ఏడాది గుమ్మం దగ్గర క్యూ చూసుకునే పని నేనే తీసుకున్నాను. పీపాలు దింపే రోజుకు ఇంకో నలుగురు మనుషులు కావాలి, తాగే అలవాటు ఉండాల్సిన పనేం లేదు.