క్రియాటినినా, మూత్ర పరీక్షా: కిడ్నీల సంగతి ముందు చెప్పేదేది?

"మూత్రం బాగానే వస్తోంది కదా, నా కిడ్నీలకేం?" షుగర్ ఉన్నవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఇది. ఎంత మూత్రం వస్తోందన్నదాన్ని బట్టి కిడ్నీల ఆరోగ్యం తేలదు. సగానికి పైగా దెబ్బతిన్నాక కూడా మూత్రం మామూలుగానే వస్తుంది. కొందరికైతే రాత్రిళ్ళు ఇంకా ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. కాళ్ళవాపు, ఆయాసం, అన్నం సయించకపోవడం, వాంతులు కనిపించేసరికి జబ్బు చాలా ముదిరిపోయి ఉంటుంది. అంతకన్నా ముందే తెలియాలంటే పరీక్ష ఒక్కటే దారి. మరి ఏ పరీక్ష?

మనవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది సీరం క్రియాటినిన్. ఏ పల్లెకు వెళ్ళినా "క్రియాటిన్ ఎంతుంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. దీనికి పోటీగా నిలబెట్టాల్సింది మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. ల్యాబుల్లో దీన్ని ఏసీఆర్ అంటారు. స్కానింగ్ మూడోది, దాని సంగతి తర్వాత.

క్రియాటినిన్ మన కండరాల నుంచి రోజూ తయారయ్యే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపిస్తాయి. వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. పరీక్ష చవక, రిపోర్టు ఆ పూటే వస్తుంది, చిన్న ఊళ్ళో ల్యాబులోనూ చేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కెక్కడంటే, కిడ్నీలకు అవసరానికి మించిన సామర్థ్యం ఉంటుంది. ఒక్కో కిడ్నీలో వడపోసే విభాగాలు, అంటే నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు. వాటిలో కొన్ని చచ్చిపోతే మిగిలినవి ఆ పనీ మీద వేసుకుంటాయి. అందుకే మొత్తం వడపోత దాదాపు సగానికి పడిపోయేదాకా క్రియాటినిన్ రిపోర్టులో 'నార్మల్' అనే ఉండవచ్చు.

కండను బట్టి అంకె మారడం ఇంకో తిప్పలు. క్రియాటినిన్ 1.2 అనుకుందాం. 25 ఏళ్ళ కుర్రాడికి అదే 1.2 ఉంటే వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, 86 దాకా వస్తుంది. 65 ఏళ్ళ ఆవిడకు అదే 1.2 ఉంటే 50 మాత్రమే. ఆ కుర్రాడు నిశ్చింతగా ఉండొచ్చు, ఆవిడ మాత్రం డాక్టరును కలవాల్సిందే. రిపోర్టు కాగితం మీద ఇద్దరి అంకె పక్కనా ఎర్ర గుర్తు పడకపోవచ్చు. అందుకని క్రియాటినిన్‌ను ఒంటరిగా చదవకూడదు, పక్కన ఈజీఎఫ్ఆర్ వేయించుకోవాలి. అది 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. 15 లోపుకి దిగితే కిడ్నీలు ఫెయిలైనట్టు.

ఏసీఆర్ వేరే ప్రశ్న అడుగుతుంది. వడపోత ఎంత జరుగుతోందన్నది కాకుండా, జల్లెడకు చిల్లులు పడ్డాయా అన్నది చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను దాదాపుగా బయటికి వదలదు. షుగర్, బీపీ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే ఆ జల్లెడ పాడై, అల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే హెచ్చరిక. 300 దాటితే గట్టి ప్రమాదం. ఈ లీకు చాలామందిలో క్రియాటినిన్ కదలడానికి కొన్నేళ్ళ ముందే మొదలవుతుంది. ఆ కొన్నేళ్ళే మనకు దొరికే అవకాశం.

కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో నా ఓటు ఏసీఆర్‌కే. టైప్ 2 షుగర్ బయటపడిన రోజే ఒకసారి, ఆపైన ఏటా చేయించాలి. టైప్ 1 అయితే అయిదేళ్ళ తర్వాత మొదలుపెట్టొచ్చు. లీకు కనిపిస్తే చేయగలిగింది చాలా ఉంది: బీపీని 130/80 లోపుకు తేవడం, టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ లాంటి బీపీ మందు, దానికి తోడు డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు. 2020లో మన దేశంలో డపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిశాక ధర బాగా దిగింది, ఖరీదైన మందన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఇంత ఉపయోగం ఉన్న పరీక్ష చాలా 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీల్లో ఉండదు. విటమిన్లు, హార్మోన్లు కలిపి డెబ్భై ఎనభై పరీక్షలని గొప్పగా రాస్తారు, ఇది మాత్రం వదిలేస్తారు.

అలాగని ఏసీఆర్ అందరికీ గెలిచే పరీక్ష అనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు పల్లెల్లో కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే మనుషులకు, షుగర్ గానీ పెద్ద బీపీ గానీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తాగునీటి మీద, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే పని మీద, ఇంకా చాలావాటి మీద అనుమానాలున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. ఇందులో దెబ్బతినేది జల్లెడ తర్వాత ఉండే సన్నటి గొట్టాలూ, వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. అందుకని చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. ఏసీఆర్ చూసి 'పర్లేదు' అనుకుంటే మోసపోతాం. అక్కడ క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ ముందు నిలవాలి. అందులోనూ బక్కపలచటి కూలీకి కండ తక్కువ కాబట్టి 1.1, 1.2 ఉన్నా తేలిగ్గా తీసుకోకూడదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మంచిదే. అయినా అంతకుముందు ఏళ్ళ తరబడి దెబ్బతిన్న కిడ్నీలు ఉన్నాయి కదా, వాటిని పట్టుకునేది రక్తపరీక్షే.

షుగర్ ఉన్నవాళ్ళలోనూ కొందరికి అల్బుమిన్ లీకు లేకుండానే వడపోత తగ్గుతుంది. డబ్బు ఇబ్బంది లేకపోతే ఏటా రెండూ చేయించుకోవడమే మేలు. ఒక్కటే కుదిరేట్టుంటే, షుగర్ ఉన్నవాళ్ళు ఏసీఆర్‌తో మొదలుపెట్టాలి. ఉద్దానం వాళ్ళు, కీళ్ళనొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు తెగ మింగేవాళ్ళు క్రియాటినిన్‌తో మొదలుపెట్టాలి.

స్కానింగ్ ఈ పోటీలో వెనకబడే ఉంటుంది. రాళ్ళు, ప్రొస్టేట్ వల్ల మూత్రం అడ్డుపడటం, వంశంలో నీటి బుడగల కిడ్నీ జబ్బు ఉండటం, ఇలాంటివాటికి అది తప్పనిసరి. తొలిదశ షుగర్ కిడ్నీ జబ్బులో మాత్రం స్కాన్ చక్కగా ఉండొచ్చు. 'స్కాన్ నార్మల్' అన్న ధీమా పనికిరాదు.

ఏ పరీక్షకైనా రోజు చూసుకోవాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు విపరీతమైన కసరత్తు ఉంటే ఏసీఆర్ ఉత్తినే పెరుగుతుంది. పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. ఒకసారి ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి రెండుసార్లు ఎక్కువుంటేనే నిజమనుకోవాలి. క్రియాటినిన్‌కైతే ముందురోజు రాత్రి మాంసం దట్టంగా తినకపోవడం, జిమ్ పిల్లలు క్రియేటిన్ పొడి వాడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పడం ముఖ్యం.

టెల్మిసార్టాన్ లాంటి మందు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. 30 శాతం లోపు పెరుగుదలను సాధారణంగా డాక్టర్లు సహిస్తారు. అది తెలియక "ఈ మాత్రతోనే కిడ్నీ పాడవుతోంది" అని ఇంట్లో ఎవరో అనగానే మానేసేవాళ్ళున్నారు. కిడ్నీని కాపాడే మందును కిడ్నీ భయంతోనే ఆపేయడం! మానే ముందు రాసిచ్చిన డాక్టరును అడగండి.

ల్యాబు కౌంటర్ దగ్గర ఒక జాగ్రత్త. "యూరిన్ టెస్ట్" అని ఊరుకుంటే సీయూఈ, అంటే మామూలు మూత్ర పరీక్ష, చేసి పంపిస్తారు. అందులో పట్టీ ముంచి చూసే పద్ధతికి తక్కువ మోతాదు అల్బుమిన్ చాలాసార్లు అందదు, 'నిల్' అని వచ్చేస్తుంది. "యూరిన్ ఏసీఆర్" అని పేరు పెట్టి అడగండి, రక్తం ఇచ్చేచోట "క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ కూడా వేయండి" అనండి. పాత రిపోర్టులు పారేయకుండా ఒకే ఫైల్లో పెట్టుకోండి. పోయినేడాది 0.8 ఉండి ఈ ఏడు 1.1 వస్తే, రెండూ నార్మల్ గీత లోపలే ఉన్నా, డాక్టరుకు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చూపించాల్సిందే.