గోల్ఫ్ టోర్నమెంట్ ‘వీఐపీ ప్యాకేజీ’ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్ ప్రత్యక్షంగా చూద్దామని టికెట్లు వెతుకుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. నిర్వాహకుల దగ్గర కాకుండా మధ్యవర్తి దగ్గర ‘హాస్పిటాలిటీ ప్యాకేజీ’ (టికెట్‌తో పాటు భోజనం, ప్రత్యేక టెంట్ కలిపి అమ్మేది) కొంటున్నట్టయితే, రెండు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. టికెట్ ఏ రూపంలో, ఎప్పుడు చేతికొస్తుంది? వాళ్లు చెప్పే హాస్పిటాలిటీ టెంట్ కోర్సు (గోల్ఫ్ మైదానం) లోపల ఉందా, బయట ఉందా? రెండోది విని నవ్వొస్తుందేమో. మాకు దక్కిన టెంట్ కోర్సు గోడ అవతల, రోడ్డు దాటాక ఉంది.

చివరి రోజు, అంటే ఆదివారం ఆట కోసం ఒక ప్యాకేజీ సంస్థ దగ్గర బుక్ చేశాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతి ఆ ఒక్క సంస్థది మాత్రమే కాదు. ప్రకటనలో పద్దెనిమిదో గ్రీన్ (ఆట ముగిసే చివరి హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ఫొటో, పక్కన మెట్ల స్టాండ్‌లో కూర్చున్న జనం, కింద ‘ప్రీమియం వ్యూయింగ్’ అన్న మాట. ఫోన్ చేసి అడిగితే ‘‘పద్దెనిమిదో హోల్‌కి బాగా దగ్గర సర్’’ అన్నారు. అది అబద్ధం కాదు, దగ్గరే. కాకపోతే కనిపించదు.

వారం ముందే వస్తుందన్న టికెట్ శనివారం రాత్రికి గానీ రాలేదు. వచ్చింది కూడా టికెట్ కాదు, వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్. పొద్దున్నే గేటు దగ్గర స్కాన్ చేస్తే తీసుకోలేదు. టికెట్‌ను టోర్నమెంట్ యాప్‌లోనే తెరిచి చూపించాలని, అందులో బార్‌కోడ్ మారుతూ ఉంటుంది కాబట్టి ఫొటో పనికిరాదని అక్కడి సిబ్బంది మర్యాదగానే చెప్పారు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే ‘‘ఐదు నిమిషాల్లో పంపిస్తాం’’. ఆ ఐదు నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగాయి. చివరికి ముక్కూ మొహం తెలియని ఎవరి అకౌంట్ నుంచో మామూలు గ్రౌండ్ పాస్‌లు బదిలీ అయ్యాయి.

గ్రౌండ్ పాస్ చెడ్డదేమీ కాదు. కోర్సంతా తిరగొచ్చు, తాళ్ల వెనక ఎక్కడైనా నిలబడొచ్చు, నచ్చిన ఆటగాడి వెంట హోల్ తర్వాత హోల్ నడవొచ్చు. నన్నడిగితే గోల్ఫ్ చూడటానికి అదే సరైన పద్ధతి. కానీ మేం డబ్బు కట్టింది దానికి కాదు, పైగా ధరలో తేడా చాలా ఉంటుంది. చివరి రోజు లీడర్లు అందరికన్నా ఆఖర్న టీ ఆఫ్ చేస్తారు (ఆట మొదలుపెడతారు) కాబట్టి ఆట మొత్తం పోలేదు. అయితే మంచి చోట్లు పొద్దున్నుంచీ కాచుకున్నవాళ్లవి. మాకు పద్దెనిమిదో గ్రీన్ దగ్గర ముందువాళ్ల తలలు, చప్పట్లు మాత్రమే దక్కాయి. టెంట్‌లో భోజనం బాగుంది, అది ఒప్పుకోవాలి. ఆట చూడ్డానికి అక్కడ పెద్ద టీవీ పెట్టారు!

రీఫండ్ అడిగితే ‘‘లోపలికి పంపించాం, భోజనం పెట్టాం, మా పని అయిపోయింది’’ అన్నారు. నిబంధనల్లో ‘వేదిక స్థలం మారవచ్చు’, ‘అందుకు సమానమైన టికెట్ ఇచ్చే హక్కు మాకుంది’ అని రాసుకున్నారు. ఏది దేనికి సమానమో తేల్చేది కూడా వాళ్లేనట.

పెద్ద టోర్నమెంట్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికాలో జరిగే మాస్టర్స్ టికెట్లు అమ్మే అధికారం దాన్ని నిర్వహించే అగస్టా నేషనల్ క్లబ్‌కు మాత్రమే ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే లాటరీలో రావాలి. బయట కొన్న టికెట్‌ను గేటు దగ్గరే రద్దు చేసే హక్కు వాళ్లకుంది. పైగా అక్కడ ప్రేక్షకుల ఫోన్లు లోపలికి రానివ్వరు, కాబట్టి ఏదైనా తేడా వస్తే మన ఫోన్ నుంచి ఏజెంట్‌ను పట్టుకునే వీలే ఉండదు. బ్రిటన్‌లో జరిగే ది ఓపెన్‌కూ టికెట్ బ్యాలట్ (లాటరీ లాంటిదే) ఉంటుంది. కొన్నవాళ్లు వెళ్లలేకపోతే తిరిగి అమ్ముకోవడానికి నిర్వాహకులదే అధికారిక రీసేల్ వేదిక ఉంది. బ్యాలట్‌లో రాలేదని బయటి ఏజెంట్ల మీద పడేముందు ఆ వేదికను రోజూ చూస్తూ ఉండండి.

మధ్యవర్తులు అసలు ఎత్తని సంగతి ఇంకోటుంది. ఏ ఆటగాడు ఆడతాడన్నది టికెట్ హామీ ఇవ్వదు. చాలా టోర్నమెంట్లలో మొదటి రెండు రోజుల తర్వాత ‘కట్’ పడుతుంది, అంటే వెనకబడినవాళ్లు ఇంటికెళ్లిపోతారు. మాస్టర్స్‌లో మొదటి 50 స్థానాల వాళ్లు, ది ఓపెన్‌లో మొదటి 70 స్థానాల వాళ్లు, ఆఖరి స్థానంలో సమంగా ఉన్నవాళ్లతో సహా, శని, ఆదివారాలకు మిగులుతారు. మీ అభిమాన ఆటగాడు శుక్రవారం సాయంత్రానికే ఇంటిదారి పట్టొచ్చు. 2024 జెనెసిస్ ఇన్విటేషనల్‌లో టైగర్ వుడ్స్ ఫ్లూతో రెండో రౌండ్ మధ్యలోనే తప్పుకున్నాడు. కాబట్టి ‘ఫలానా స్టార్‌ని దగ్గర్నుంచి చూడండి’ అని వారాంతం ప్యాకేజీ అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. ఫలానా ఆటగాడే ముఖ్యమైతే గురువారానికి గానీ శుక్రవారానికి గానీ కొనుక్కోండి.

వాన సంగతీ అడగాలి. 2022 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ వాతావరణం వల్ల సోమవారం ముగిసింది. 2024 పెబుల్ బీచ్ ప్రో-యామ్‌లో తుఫాను కారణంగా చివరి రౌండే రద్దయి, 54 హోల్స్‌తో, అంటే మూడు రౌండ్లతో సరిపెట్టేశారు. అలాంటప్పుడు ఆదివారం టికెట్ సోమవారం చెల్లుతుందా, రద్దయితే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది అన్నది నిర్వాహకుల నిబంధనల్లో ఉంటుంది. ఏజెంట్ దగ్గర కొన్నవాళ్లకు ఏజెంట్ నిబంధనలే వర్తిస్తాయి, అవి వేరేగా ఉండొచ్చు.

మా విషయంలో కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేశాం. విచారణ ఇంకా నడుస్తోంది. బ్యాంకువాళ్లు అడిగినవి: ప్రకటనలో ఏమని ఉంది, చేతికి ఏం వచ్చింది, తేడాకు రుజువేంటి. గొడవ మొదలయ్యాక ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వర్ణన మార్చేసింది. కొన్న రోజే పేజీ సేవ్ చేసి ఉండటం వల్ల బతికిపోయాం. గేటు దగ్గర స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ను కూడా అక్కడికక్కడే ఫొటో తీసుకోండి, టికెట్ కౌంటర్ వాళ్లతో ఈమెయిల్‌లో ఒక ముక్క రాయించుకోండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే డిస్కౌంట్ ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలా పంపిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. కార్డు మీద డిస్ప్యూట్‌కు గడువు ఉంటుంది కాబట్టి, ఏజెంట్ ‘‘చూస్తున్నాం సర్’’ అంటూ నెలలు గడిపేలోగా ముందు బ్యాంకుకు రాసేయండి.