ఎన్‌ఫీల్డ్, మార్టినీ హెన్రీ, త్రీ నాట్ త్రీ: దేనికి విలువ ఎక్కువ?

పాత ఇల్లు పంచుకునేటప్పుడో పడగొట్టేటప్పుడో అటక మీద నుంచి తుపాకీ బయటపడటం మన ఉత్తరాంధ్రలో కొత్తేమీ కాదు. విజయనగరం, బొబ్బిలి వైపు కుటుంబాల వాళ్ళు, వైజాగ్‌లో స్థిరపడ్డ వాళ్ళ పిల్లలు ఫొటో పంపి నన్ను ఒకటే అడుగుతున్నారు, ఈ మూడింట్లో ఏది మేలని. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

ఏది పాతదైతే దానికే ధర అనుకుంటే పొరపాటు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మూడింట్లోనూ పాతది, ముందు నుంచి మందు దట్టించేది, గోడ మీద దాని అందమే వేరు. కానీ 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు మన సిపాయిలకు మంచి తుపాకీలు ఇవ్వడానికి భయపడ్డారు, పైకి అచ్చం ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి లోపల గొట్టం నున్నగా ఉండేవి ఇచ్చారు. కాబట్టి మన దగ్గర దొరికినదాన్ని పైరూపు చూసి నమ్మకూడదు, గొట్టంలోకి టార్చి వేసి చూడాలి. మెలి తిరిగిన మూడు గాడులు కనిపిస్తే అసలు రైఫిల్, లేకపోతే రెండో రకం. అయితే టార్చి వెయ్యకముందే ఒక పని చెయ్యాలి. సన్నని కర్ర ఒకటి మూతి నుంచి మెల్లగా లోపలికి పోనిచ్చి, ఎంతవరకు దిగిందో గుర్తు పెట్టి, అదే కర్రను గొట్టానికి బయట ఆనించి చూడండి. గొట్టం వెనక చివరకు నాలుగు వేళ్ళ దూరంలోనే ఆగిపోయిందంటే లోపల మందూ గుండూ ఇంకా ఉండి ఉండొచ్చు. తుపాకీమందు తడవకుండా ఉంటే వందేళ్ళైనా పేలుతుంది. అలాంటిదాన్ని కదపకుండా అక్కడే ఉంచి పోలీసులకు చెప్పండి.

త్రీ నాట్ త్రీ, అంటే .303 రైఫిల్, దాని సంగతి వేరు. లెక్కలేనన్ని తయారయ్యాయి, మన దేశంలోనే బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చేశారు. దాని మీద మంచి విషయం ఏంటంటే నంబర్లు. బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) మీద, బ్యారెల్ మీద, ముందు మూతి తొడుగు మీద ఒకటే నంబరు ఉంటే అది పుట్టినప్పటి నుంచి విడిపోని తుపాకీ. చెడ్డ విషయం చట్టం. .303 నిషిద్ధ కేటగిరీలోది, మామూలు లైసెన్సు మీద కొనేవాడు ఉండడు, కొనేవాడు లేనిదానికి ధరేముంటుంది? ఇక చాలామంది ఇది అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి స్టేషన్‌లో పట్టుకున్నదని చెబుతారు. ఆ దాడులు 1922 ఆగస్టులో జరిగాయి. బోల్ట్ పిడి కింద, బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) మొదలయ్యే చోట ఇనుము మీద తయారైన సంవత్సరం కొట్టి ఉంటుంది, అక్కడ 1942 అని ఉంటే ఆ కథ అక్కడితో సరి.

నా మొగ్గు మార్టినీ హెన్రీ వైపే. 1871లో వచ్చింది, ఒక్కసారికి ఒక్కటే తూటా, కింద లీవర్ లాగితే లోపలి దిమ్మ దిగుతుంది. ఇంగ్లీషు పటాలాలకు 1888 తర్వాత ఒకేసారి చాలా తూటాలు పట్టే మ్యాగజైన్ రైఫిళ్ళు వచ్చాక, ఇవి మన సిపాయిల చేతికి దిగాయి. కుడివైపు ఉండే కిరీటం, దాని కింద వి.ఆర్. (విక్టోరియా రాణి) అక్షరాలు, ఎన్‌ఫీల్డ్ పేరు, సంవత్సరం స్పష్టంగా ఉన్న మార్టినీ దొరికితే మిగతా రెండూ పక్కన పెట్టొచ్చు. నకిలీలు కూడా దీనికే ఎక్కువ, పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్‌లో ఇప్పటికీ చేత్తో తుపాకీలు చేస్తారు. విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయింది, వి.ఆర్. కింద 1907 అని ఉంటే అది దొంగ ముద్ర. ఎన్‌ఫీల్డ్ అన్న పేరులో ఎన్ అక్షరం తిరగబడి ఉన్నా అంతే.

ఈ మూడూ కాక వేరే పేర్లు కూడా వినిపిస్తాయి. స్నైడర్ అంటే వెనక నుంచి తూటా పెట్టేలా మార్చిన ఎన్‌ఫీల్డే, ముద్రలు బాగుంటే ఉంచుకోండి. .410 మస్కెట్ కాపలావాళ్ళ కోసం మార్చిన త్రీ నాట్ త్రీ, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

నా దృష్టిలో మోడల్ కన్నా పెద్ద విషయం ఒకటుంది, దాన్ని ఎవరైనా తోమారా లేదా అన్నది. వైజాగ్ సముద్రం పక్కన ఊరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ ఊచలే ఏడాది తిరిగేసరికి ఎర్రబడతాయి, కాబట్టి తుప్పు అంటే టెన్షన్ సహజం. కానీ ఆ టెన్షన్‌లో ఉప్పుకాగితం పట్టడం, లేత్ షాపులో బఫ్ కొట్టించడం, కర్రకు వార్నిష్ వేయించడం, ఈ మూడూ నూట యాభై ఏళ్ళ చరిత్రను ఒక మధ్యాహ్నంలో చెరిపేస్తాయి. బఫ్ పడ్డ ఇనుము మీద అక్షరాల అంచులు కరిగిపోతాయి, స్క్రూ గాడులు గుండ్రమైపోతాయి. కర్ర సంగతి బొటనవేలితోనే తెలుస్తుంది. బట్ చివర లోహపు పట్టీ, కర్ర కలిసే చోట వేలు పెట్టి రుద్దండి. కర్ర పట్టీతో సమంగానో వెంట్రుకవాసి పైకో ఉంటే మంచిది, పట్టీ అంచు గోటికి తగులుతోందంటే కర్రను అరగదీశారు, దాంతోపాటు బట్ మీది గుండ్రటి ముద్రా పోయి ఉంటుంది. అద్దంలా మెరిసే మార్టినీ కన్నా నల్లబడి, ముద్రలు చెక్కుచెదరని మామూలు ఎన్‌ఫీల్డ్‌కే నేను ఓటేస్తాను.

ఎర్రగా పొడి రాలే తుప్పును మాత్రం ఆపాలి. పలచటి మెషిన్ ఆయిల్, నూలు గుడ్డ చాలు. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. తోలు తొడుగులో, ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఇనుముకి అతుక్కుపోయిన ముదురు గోధుమరంగు పొర జోలికి అసలు పోవద్దు.

విదేశీ వేలాల్లో ధర చూసి లెక్కలు వేసుకోకండి. వందేళ్ళు దాటిన పురావస్తువును 1972 చట్టం ప్రకారం మనం బయటికి పంపలేం. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ పేలదని మనకు మనం అనుకుంటే సరిపోదు, పేలగలిగితే లైసెన్సు కావాలి. వైజాగ్ నగరంలో ఉన్నవాళ్ళు పోలీసు కమిషనర్ ఆఫీసులో అడిగి, ఆ మాట రాతలో తీసుకోండి. కాగితం లేని తుపాకీని బుద్ధున్నవాడెవడూ కొనడు. ఫొటో తీసేటప్పుడు తుపాకీ మొత్తం ఒక్కటి చాలు, మిగతావన్నీ ముద్రలకు దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి.